గుర్తింపు కార్డు ఫోటో దాటి మన వాడను చూద్దాం

దళితవాడల్లో చనిపోయిన తాతదో, నాయనమ్మదో ఫోటో గోడకు వేలాడుతుంటే ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. చాలా ఇళ్లలో అది రేషన్ కార్డు కోసమో, పింఛను కోసమో, ఆధార్ కోసమో తీసిన ఫోటో అయి ఉంటుంది. మనిషి పోయాక ఆ కార్డు పట్టుకుని టౌన్‌లో స్టూడియోకి వెళ్తారు. ముఖం వరకు కత్తిరించి, పెద్దది చేయించి, వెనకాల నీలం తెర పెట్టించి, ఫ్రేమ్ కట్టించి దండ వేస్తారు. డెబ్బయ్యేళ్లు నాట్లు వేసి, కోతలు కోసి, పాటలు కట్టి, పిల్లల్ని చదివించిన మనిషికి చివరికి మిగిలే రూపం అదొక్కటే. సర్కారు ముందు తానే తానని రుజువు చేసుకోవడానికి బిగుసుకుపోయి కూర్చున్న ఒక్క నిమిషం.

ఇప్పుడు ప్రతి ఇంట్లో కెమెరా ఉన్న ఫోన్ ఉంది. అయినా మన ఫోన్లలో ఏముందో చూసుకుంటే పెళ్లి ఫోటోలు, సెల్ఫీలు, జయంతి నాటి ర్యాలీలు, ధర్నాలు కనిపిస్తాయి. పొద్దున్నే కూలికి బయల్దేరే ముందు తల దువ్వుకునే అమ్మ ఉండదు. చేతి పంపు దగ్గర ముచ్చట్లు ఉండవు. సాయంత్రం ఎండలో వాడ వీధి ఉండదు. ఇవి తీయాల్సిన విషయాలని మనకు ఎవరూ చెప్పలేదు. తీయాల్సినంత అందం ఇక్కడ లేదని మాత్రం చాలామంది చాలా రకాలుగా చెప్పారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని మన చేతిలోని ఫోన్‌తోనే ఎలా ఎదుర్కోవచ్చో చూద్దాం.

మనల్ని ఎవరు తీశారు, ఎందుకు తీశారు

ఈ దేశంలో అణగారిన కులాల మీద కెమెరా మొదట తిరిగింది లెక్క కోసం. 1857 తిరుగుబాటు తర్వాత, తాము ఏలుతున్న జనం ఎవరో గుర్తుపట్టాలన్న ఆత్రం బ్రిటిష్ పాలకులకు పెరిగింది. 1868 నుంచి 1875 దాకా 8 సంపుటాలుగా వచ్చిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’లో 468 ఫోటోలున్నాయి. వాటిలో మనుషులు కులాల, తెగల నమూనాలుగా నిలబడ్డారు. పక్కనే ఆ కులం గుణం ఇదీ, స్వభావం ఇదీ అని తీర్పులు అచ్చయ్యాయి.

మన ప్రాంతం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ ఇంకో అడుగు ముందుకేశాడు. కొలపరికరాలు పట్టుకుని మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో రంగాచారితో కలిసి అతను తెచ్చిన 7 సంపుటాల ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’లో మాల, మాదిగ కులాల గురించి కూడా అధ్యాయాలున్నాయి. ఈ తరహా ఫోటోల్లో ఉన్నవాళ్లు ఏం పాడేవారో, ఎవరిని ప్రేమించేవారో మనకు తెలియదు. చాలాసార్లు వాళ్ల పేరు కూడా తెలియదు. కులం పేరు మాత్రం కింద రాసి ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక పత్రికల కెమెరాలు వచ్చాయి. అవి వాడకు వచ్చేది ఎక్కువగా దాడి జరిగిన మర్నాడే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు అనగానే మన కళ్ల ముందుకొచ్చేది ఏడుపులు, శవాలు, శిబిరాలు. ఆ ఫోటోలు చాలా అవసరం. అవి లేకపోతే జరిగిన ఘోరాన్ని జరగలేదనేవారు. కానీ ఒక జనానికి సంబంధించి లోకం చూసిన ఫోటోలన్నీ దాడి మర్నాటివే అయితే, ఆ దాడికి ముందు రోజు అక్కడ ఎలాంటి జీవితం ఉండేదో లోకానికి తెలియదు. పోయింది ఏమిటో తెలియని వాళ్లకు నష్టం ఎంతో ఎలా తెలుస్తుంది?

ఈ కథలో తాజా అధ్యాయం ఉపాధి హామీ పని దగ్గర నడిచింది. 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాప్ ద్వారా హాజరు తప్పనిసరి చేశారు. పనిస్థలంలో కూలీల ఫోటోను రోజుకు రెండుసార్లు మేట్ అప్‌లోడ్ చేయాల్సి వచ్చేది. అంటే గడ్డపార, తట్ట పట్టుకున్న మన అక్కలు, పెద్దమ్మల ఫోటోలు లక్షల్లో కంప్యూటర్లలోకి చేరాయి. వాటిలో ఒక్కటి కూడా వాళ్ల ఇంటి గోడ మీదకు రాలేదు. ఇంతమంది ఇన్నిసార్లు తీసినా మన దగ్గర మన ఫోటో లేదు.

అందానికీ ఊరూ వాడా ఉన్నాయి

తెలుగులో ‘పల్లె అందం’ అనగానే ఏం గుర్తొస్తుంది? మండువా లోగిలి, తులసికోట, కొబ్బరి తోట, పట్టు పరికిణీ, గోదావరి మీద పడవ. క్యాలెండర్లు, సినిమాలు, పండగ సంచికలు తరాలుగా అచ్చేసిన బొమ్మ ఇది. ఇందులో పొలం ఉంటుంది, నాట్లు వేసే ఆడవాళ్లు దూరంగా రంగు చుక్కల్లా ఉంటారు. సాయంత్రం ఆ ఆడవాళ్లు తిరిగి ఎక్కడికి వెళ్తారో ఆ బొమ్మలో ఉండదు. ఊరికి అవతల, పల్లంలో, వానొస్తే నీళ్లు నిలిచే చోట వాడను నిలబెట్టినట్టే, అందం అనే ఊహకు అవతల కూడా నిలబెట్టారు.

దీని ప్రభావం మన మీదా ఉంది. వాడలో పుట్టి కాలేజీకి వచ్చిన పిల్లలు ఇంటి ఫోటో స్టేటస్‌లో పెట్టడానికి వెనకాడతారు. పెట్టినా గోడ కనిపించకుండా ముఖం దాకే కత్తిరిస్తారు. హాస్టల్ గదిలో ఇంటి గురించి మాట్లాడటానికి ఎందుకు జంకుతామో, ఇంటి ఫోటో తీయడానికీ అందుకే జంకుతాం. ఈ సిగ్గు మనది కాదు, మన మీద మోపింది. దాన్ని దింపుకోవడానికి పుస్తకాలు, ఉపన్యాసాలు ఎంత అవసరమో కంటికి తర్ఫీదు ఇవ్వడమూ అంతే అవసరం.

తమ కథ తామే తీసుకున్నవాళ్లు

ఈ పని మనకంటే ముందు చేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి ఉద్యమ నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ ఫోటోగ్రఫీ శక్తిని తొలిరోజుల్లోనే పసిగట్టాడు. 19వ శతాబ్దపు అమెరికన్లలో ఎక్కువ ఫోటోలు దిగింది ఆయనేనని పరిశోధకులు లెక్కగట్టారు. 160కి పైగా వేర్వేరు ఫోటోలు దొరికాయి. తెల్లవాళ్లు గీసే వ్యంగ్య చిత్రాల్లో నల్లవాళ్లు వెకిలిగా కనిపించేవారు. దానికి జవాబుగా డగ్లస్ మంచి కోటు వేసుకుని, చాలా ఫోటోల్లో నవ్వకుండా, నిటారుగా, కెమెరాకు ఎదురు చూస్తూ కూర్చున్నాడు. ఫోటోల గురించి ప్రత్యేకంగా ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు.

అంబేద్కర్ సూటు వెనక ఉన్న రాజకీయం మనకు తెలిసిందే. కానీ ఆయన ఫోటోల్లో ఇంకొకటి గుర్తు చేసుకోవాలి. 1934 ఫిబ్రవరిలో ముంబైలోని రాజగృహలో తీసిన కుటుంబ ఫోటో. అందులో రమాబాయి, కొడుకు యశ్వంత్, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్ ఉన్నారు. కింద వాళ్ల పెంపుడు కుక్క టోబీ కూడా ఉంది. మరుసటి ఏడాదే రమాబాయి చనిపోయారు. రాజ్యాంగం చేత్తో పట్టుకున్న విగ్రహం మనకు ధైర్యం ఇస్తుంది. కుక్కతో సహా ఇంటిల్లిపాదీ ఉన్న ఈ ఫోటో చూస్తే ఆయన మన ఇంటి మనిషి అనిపిస్తుంది. రెండూ కావాలి.

మామూలు రోజుల అందం సంగతికొస్తే, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1919లో పుట్టిన రాయ్ డికరావా దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ నల్లజాతి పేటను బయటి ఫోటోగ్రాఫర్లు నేరాలకో, పేదరికానికో చిరునామాగా చూపిస్తున్న రోజులవి. డికరావా మాత్రం వంటింట్లో మాట్లాడుకునే జంటలను, మెట్ల మీద పిల్లలను, పని నుంచి అలసిపోయి వచ్చే మనుషులను తీశాడు. 1952లో గుగ్గెన్‌హీమ్ ఫెలోషిప్ పొందిన తొలి నల్లజాతి ఫోటోగ్రాఫర్ ఆయనే. ఆ ఫోటోలకు కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఒక ముసలామె గొంతుతో కథనం రాయగా 1955లో ‘ద స్వీట్ ఫ్లైపేపర్ ఆఫ్ లైఫ్’ అనే చిన్న పుస్తకం వచ్చింది. మనవళ్లు, మనవరాళ్లు, ఇరుగుపొరుగు గురించి ఒక అమ్మమ్మ చెప్పే కబుర్లు. మన వాడల్లో అలాంటి అమ్మమ్మలకు కొదవ లేదు.

దగ్గర్లోనే తమిళనాడు ఉంది. పళని కుమార్ చేపలమ్మే తల్లికి పుట్టిన బిడ్డ. అప్పు చేసి కెమెరా కొనుక్కున్నాడు. పాకీ పనిలో చనిపోతున్న వాళ్ల కథలు ఏళ్ల తరబడి తీశాడు. ఆ చేత్తోనే తన తల్లి జీవితాన్నీ తీశాడు. పారిశుధ్య కార్మికుల, మత్స్యకారుల పిల్లల చేతికి కెమెరాలిచ్చి, మీ ఇంటిని మీరే తీయండి అని నేర్పిస్తున్నాడు. మదురై దగ్గర వాడిపట్టికి చెందిన దళిత ఫోటోగ్రాఫర్ జైసింగ్ నాగేశ్వరన్ కోవిడ్ లాక్‌డౌన్‌లో సొంత ఇంటికి చేరి, ఇంట్లోవాళ్లనే తీశాడు. ముంబైలో సుధారక్ ఓల్వే నగర పారిశుధ్య కార్మికుల పనిని, వాళ్ల జీవితాలను నలుపు తెలుపుల్లో చూపాడు. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. వీళ్లలో ఎవరూ అందం కోసం బాధను దాచలేదు. అలాగని బాధ కోసం మనిషిని చిన్నగానూ చూపలేదు.

ఇన్ని దాడుల మధ్య అందమేంటి?

ఈ ప్రశ్న ఉద్యమంలో ఉన్నవాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. కేసు పెట్టించడమే కష్టంగా ఉన్నచోట, శ్మశానానికి దారి లేనిచోట, అద్దెకు ఇల్లు దొరకనిచోట ఎండ పడ్డ గోడ గురించి మాట్లాడటం సుఖవంతుల వ్యవహారంలా ఉంటుంది.

దీనికి రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి, కులం మన నుంచి లాక్కున్నవాటిలో భూమి, నీళ్లు, చదువుతో పాటు మనల్ని మనం ఇష్టంగా చూసుకునే చూపు కూడా ఉంది. పోయిన మిగతావాటిని అడిగినట్టే దీన్నీ తిరిగి తెచ్చుకోవాలి. రెండు, రోజువారీ ఫోటో చాలాసార్లు సాక్ష్యంగానూ నిలబడుతుంది. రోడ్డు వెడల్పులో వాడ పోయినప్పుడు అక్కడ ఇళ్లున్నాయని, చెట్టుందని, చర్చి ఉందని చెప్పేది ఎవరో మామూలు రోజున తీసిన ఫోటోనే. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేసినప్పుడు అంబేద్కర్ చిత్రపటం ఎత్తుకుని నడుస్తున్న రోహిత్ వేముల ఫోటో చూడండి. అందులో రక్తం లేదు, ఏడుపు లేదు. ఒక విద్యార్థి తనకు ఇష్టమైన వస్తువు ఒకటి మోసుకెళ్తున్నాడు. ఇన్నేళ్లయినా ఆ ఫోటో మనల్ని వదలదు.

అయితే ఒక ప్రమాదం ఉంది. పేదరికాన్నే అందంగా అమ్మే ఫోటోలు బోలెడు వస్తున్నాయి. ముడతల ముఖం, చిరిగిన చీర, మురికి బుగ్గల పిల్లాడు, కింద ‘చిరునవ్వు’ అని రాత. వాటికీ మనం తీయాల్సినవాటికీ తేడా తెలియాలంటే మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఫోటోలో ఉన్న మనిషి ఇది చూసి నేనే అని సంతోషపడతారా? కారణాన్ని కత్తిరించి పారేశామా? ఉదాహరణకు కుళాయి దగ్గర నవ్వుతున్న ఆడవాళ్లను తీసి, పక్కనే పారుతున్న మురుగు కాలవను ఫ్రేమ్ నుంచి తప్పించామా? ఈ ఫోటో వల్ల పేరు ఎవరికి వస్తోంది? కాలవ ఫ్రేమ్‌లో ఉన్నంత మాత్రాన ఆ నవ్వు తగ్గిపోదు. కాలవ ఉన్నా నవ్వుతున్నారన్న నిజం కనిపిస్తుంది, ఆ కాలవ అక్కడ ఎందుకుందన్న ప్రశ్న కూడా మిగులుతుంది.

వాడలో ఏం చూడాలి

మొదట వెలుతురును చూడటం నేర్చుకోవాలి. పొద్దున ఏడింటి లోపు, సాయంత్రం ఐదు తర్వాత ఎండ వాలుగా పడుతుంది. అప్పుడు సున్నం వేసిన గోడ గరుకుదనం, దండెం మీద చీరల నేత, అరుగు మీద అలికిన వేళ్ల గీతలు తేటగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం బయట తీస్తే కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. అప్పుడు ఇంట్లోకి వెళ్లండి. తలుపు తెరిచిన గడప దగ్గర మనిషిని కూర్చోబెట్టి, ముఖం బయటికి తిప్పమనండి. ఏ స్టూడియోలోనూ అంత మెత్తటి వెలుతురు దొరకదు. కిటికీ లేని ఒంటిగది ఇంట్లో కూడా గడప వెలుతురు ఉంటుంది.

రెండోది, చేతులు. మన సంపదంతా చేతుల్లోనే ఉంది. ఆరె, రంపె పట్టే చేతులు, నారు కట్టలు విప్పే చేతులు, బీడీ ఆకు కత్తిరించే చేతులు, తెల్లవారుజామున చీపురు పట్టే చేతులు, పరీక్ష హాల్ టికెట్ పట్టుకున్న చేతులు. డప్పు తీయాలంటే వాయించేటప్పుడు మాత్రమే తీయకండి. అంతకుముందు గడ్డి మంట వేసి డప్పు కాస్తారు. చెవి దగ్గర పెట్టుకుని, వేళ్లతో తట్టి, బిగువు వచ్చిందో లేదో చూస్తారు. అక్కడ ఉన్నది తరాల శాస్త్ర జ్ఞానం. చావు డప్పుకు మనిషిని బలవంతంగా పిలిచిన చరిత్రా, తెలంగాణ ఉద్యమంలో అదే డప్పు ముందు నడిచిన చరిత్రా రెండూ ఆ చర్మం మీదే ఉన్నాయి.

మూడోది, అమరిక. చిన్న ఇంట్లో వస్తువులు సర్దే తీరు ఒక కళ. తోమి బోర్లించిన స్టీలు గిన్నెల వరుస, గోడ మీద అంబేద్కర్, ఏసుప్రభువు, పోశమ్మ, పిల్లాడి డిగ్రీ ఫోటో పక్కపక్కనే ఉన్న తీరు, డిసెంబరులో ఇంటి మీద వేలాడే కాగితపు నక్షత్రం, ఏప్రిల్ 14 ముందు రాత్రి విగ్రహానికి రంగులేస్తున్న కుర్రాళ్లు. ఇవేవీ ‘పల్లె అందం’ క్యాలెండర్‌లో ఉండవు. ఇవి లేని వాడా ఉండదు.

ఒక చిన్న సాధన చెప్పుకుందాం. మీ వీధిలో ఒకే చోటు ఎంచుకోండి. వేపచెట్టు కింద గట్టు కావచ్చు, చేతి పంపు కావచ్చు. నెల రోజులు రోజుకొక్క ఫోటో తీయండి. వారం తిరిగేసరికి కొత్తగా తీయడానికి ఏమీ లేదనిపిస్తుంది. అసలు చూడటం అప్పుడే మొదలవుతుంది. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరు నిలబడే మాట్లాడతారు, ఆడవాళ్లకు ఆ చోటు ఏ వేళలో దొరుకుతుంది అన్నవి ఒక్కొక్కటే తేలుతాయి. మన వాడలోపలి తేడాలు కూడా కనిపిస్తాయి. వాటినీ దాచకండి.

నల్లటి ఒంటికి కెమెరా చేసే అన్యాయం

కెమెరా కూడా పక్షపాతం లేని యంత్రమేం కాదు. 20వ శతాబ్దం మధ్యలో కోడాక్ కంపెనీ కలర్ ఫిల్మ్ రంగులు సరిచూడటానికి తెల్లజాతి యువతి ఫోటో ఉన్న కార్డును ప్రమాణంగా పెట్టుకుంది. దాన్ని షిర్లీ కార్డు అనేవారు. ఆ ఫిల్మ్‌లో నల్లటి ముఖాలు మసిపూసినట్టు వచ్చేవి. చెక్క సామాన్ల, చాక్లెట్ల కంపెనీలు తమ సరుకుల ముదురు రంగుల్లో తేడాలు సరిగా రావట్లేదని ఫిర్యాదు చేశాక గానీ ఫిల్మ్‌లో మార్పులు జోరందుకోలేదు. గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోన్‌లో అన్ని ఛాయల చర్మాన్ని సరిగా చూపడానికి ప్రత్యేకంగా మార్పులు చేయాల్సి వచ్చింది.

నలుపు ఏ ఒక్క కులం రంగూ కాదు. కానీ నలుపును చిన్నచూపు చూడటంలో కులం పాత్ర ఉంది. అందుకే మన ముఖాలను సరిగా తీయడం తెలిసి ఉండాలి. ఫోన్ కెమెరా మామూలుగా ఫ్రేమ్ మొత్తం మీద వెలుగు ఎంతుందో చూసి మధ్యస్థంగా సర్దుతుంది. వెనక తెల్లగోడో, ఆకాశమో ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గిస్తుంది. ముఖం నల్లబడిపోతుంది. అప్పుడు తెర మీద ముఖం దగ్గర వేలితో తాకండి. పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది. లేదా మనిషిని పచ్చని చెట్టు, మట్టి గోడ, రంగు తలుపు ముందుకు జరపండి. ఒంటి మీద నూనె మెరుపునో, చెమట మెరుపునో తుడిచేయమనకండి. నల్లటి చర్మం మీద ఆ మెరుపే ముఖానికి రూపం ఇస్తుంది. అన్నిటికంటే ముందు ‘బ్యూటీ’ మోడ్ ఆపేయండి. అది ముడతలు చెరిపి, రంగు తెల్లబరిచి, మన పెద్దమ్మను మనకే పరాయి మనిషిని చేస్తుంది.

అడిగి తీయాలి, తీసింది ఇవ్వాలి

మనవాళ్లే కదా అని అడగకుండా తీయడం థర్‌స్టన్ పని లాంటిదే. అడగండి. వద్దంటే ఆపండి. తీశాక చూపించండి, నచ్చలేదంటే తీసేయండి. చీర మార్చుకుని వస్తానంటే ఆగండి. ‘సహజంగా ఉండాలి’ అన్న మన పట్టుదల కంటే, తాను ఎలా కనిపించాలో తేల్చుకునే హక్కు వాళ్లకు ముఖ్యం. డగ్లస్ మంచి కోటు వేసుకునే ఫోటో దిగాడని మరిచిపోవద్దు.

కార్యకర్తలకు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. ముఖం మసకబార్చి ఇల్లు చూపించినా గుర్తుపడతారు. కులాంతర వివాహం చేసుకున్న జంటల, అట్రాసిటీ కేసుల్లో సాక్షుల ఫోటోలు తీసేటప్పుడు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. లేకపోతే ఎక్కడ తీశారో ఫోటో ఫైల్‌లోనే నమోదై ఉంటుంది.

చివరిగా, దాచుకోవడం. ఫోన్ పోతే, గ్రూపులో చెత్త ఎక్కువై ఎవరో ఖాళీ చేస్తే, మన చరిత్ర దానితో పాటే పోతుంది. మంచి ఫోటోలు ఎంచుకుని కనీసం రెండు చోట్ల భద్రపరచండి. ప్రతి ఫోటోకు మనిషి పేరు, ఊరు, తేదీ, తీసినవాళ్ల పేరు రాయండి. కులం పేరు మాత్రమే రాసి మనిషి పేరు వదిలేసిన సంపుటాలకు ఇదే మన జవాబు. అంబేద్కర్ సంఘం భవనంలోనో, చర్చి హాల్లోనో, హాస్టల్ వరండాలోనో దారాలు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి వాటిని ప్రదర్శించవచ్చు. దానికి గ్యాలరీ అక్కర్లేదు.

తీసినవాటిలో ఒక్కటైనా కాగితం మీద ప్రింటు వేయించి ఆ మనిషి చేతికి ఇవ్వండి. బతికి ఉండగానే ఇవ్వండి. రేపు గోడ మీద ఏ ముఖం ఉండాలో వాళ్లే ఎంచుకుంటారు.